శుక్రవారం ఇంగ్లీషు

గ్లోరీ ఇంగ్లీషు పాఠాలు చెప్పబట్టి పదేళ్లు దాటింది. అయినా మీసాలు నెరిసిన మగవాళ్లు తనను మేడం అని పిలిచి, తను చెప్పిన మాటను చిన్నపిల్లల్లా తిరిగి అప్పజెప్పే రోజు వస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆ మగవాళ్లు ఉన్నది సౌదీలో. ఆమె ఉన్నది మోత్కూర్‌లో, రెండు గదుల రేకుల ఇంట్లో. నడుమ ఉన్నది ఒక ఫోను.

కరోనాకు మూతపడ్డ ప్రైవేటు బడి మళ్లీ తెరిచినప్పుడు ఆమెను వెనక్కి తీసుకోలేదు. భర్త నవీన్‌కుమార్ హైదరాబాద్‌లో లిఫ్టులు బిగించే పనిచేస్తూ ఆదివారాలు వచ్చిపోయేవాడు. మిగతా రోజుల్లో ఇంట్లో ఆమె, తండ్రి ఇస్రాయేలు మాత్రమే. సాయంత్రం నలుగురైదుగురు పిల్లలు ట్యూషన్‌కు వస్తే వచ్చేవారు, లేకుంటే లేదు. అట్లాంటి రోజుల్లో భిక్షపతి ఫోన్ చేశాడు. అతను వాళ్ల వాడకట్టు మనిషే. చాలా ఏళ్లుగా సౌదీలో నీళ్ల ట్యాంకర్ నడుపుతున్నాడు.

"చెల్లె, గీడ మా క్యాంపుల మనోళ్లు బాగనే ఉన్నరు. ఇంగ్లీషు రాక అందరికి పరేషాన్ అయితాంది. సూపర్‌వైజర్ ఫిలిప్పీనోడు, ఇంజినీరు ఈజిప్టోడు. వాళ్లు తిడుతున్నరో మెచ్చుకుంటున్నరో సమజ్ గాదు. శుక్రారం మాకు సెలవు. జర నేర్పరాదు?"

గ్లోరీ వెంటనే ఒప్పుకుంది. మళ్లీ ఒక క్లాసు తనదవుతుందన్న ఆశే ఆమెను ఒప్పించింది.

మొదటి శుక్రవారం ఫోన్ తెరమీద ముందు కనబడ్డవి ఇనుప మంచాలు. ఒకదాని మీద ఒకటి, గోడకు ఆనించి. మంచాల మధ్య తాడు కట్టి ఆరేసిన బట్టలు. కింద చాప మీద కూర్చున్న ఆరేడుగురు తలలు వంచుకుని ఉన్నారు. వెనక పైమంచం మీద ఎవరో గురకపెట్టి నిద్రపోతున్నారు. అతన్ని లేపమని ఆమె అడగలేదు.

బడిలో చెప్పినట్టే మొదలుపెట్టింది. గుడ్ మార్నింగ్. వాట్ ఈజ్ యువర్ నేమ్. హౌ ఆర్ యూ. ఐ యామ్ ఫైన్, థాంక్యూ. పిల్లలైతే అరిచి మరీ చెప్పేవారు. వీళ్లకు గొంతు పెగలలేదు. ఒకరు నోరు తెరిస్తే పక్కవాడు నవ్వేవాడు. నవ్వు వినబడగానే ఆ నోరు మూతపడేది. అందరిలోకీ పెద్దవాడు ఐలేశం, ఇనుప చువ్వలు వంచే పని అతనిది. భార్య ఫోటో చూపించి ఒక వాక్యం చెప్పమంటే, "ఇట్ ఈజ్ మై వైఫ్" అన్నాడు.

"ఇట్ కాదు ఐలేశన్నా. షి అనాలె. షి ఈజ్ మై వైఫ్."

"మేమైతే అది అనే అంటం మేడం. అది ఒండింది, అది పండుకుంది. దానికి ఇంగ్లీషుల ఇట్టే గద?"

మిగతావాళ్లు పడి పడి నవ్వారు. గ్లోరీకి కూడా నవ్వొచ్చింది. ఐలేశం మాత్రం నవ్వలేదు. క్లాసు అయిపోయి అందరూ లేచాక ఫోను దగ్గరగా పెట్టుకుని మెల్లగా అన్నాడు, "నా బిడ్డ నర్సింగ్ చదువుతాంది మేడం. ఫోన్ల దోస్తులతోటి ఇంగ్లీషుల మాట్లాడుతది. నేను లైన్ల ఉన్ననని సుత మర్చిపోతది. గందుకే నేర్చుకుంటున్న. పనికి గాదు."

అట్లా నెలలు గడిచాయి. పాఠం ముందుకు సాగేది కాదు. పోయిన వారం నేర్చుకున్నది ఈ వారానికి ఎండలో ఆవిరైపోయేది. ఒక్కోసారి కంపెనీ సెలవు రోజు కూడా పనికి పట్టుకుపోయేది. మళ్లీ వచ్చినప్పుడు వాళ్ల కళ్లు వాచి ఉండేవి. ప్రశ్న అడిగితే అర్థమైనా కాకున్నా "ఎస్ మేడం" అనేవారు. అర్థం కాలేదని చెప్పమని ఎన్నిసార్లు బతిమాలినా, దానికీ "ఎస్ మేడం" అనేవారు.

మల్లేశ్ ఆ క్యాంపు మనిషి కాదు. భిక్షపతి నీళ్ల ట్యాంకర్ తోలుకుంటూ ఎడారి లోపలికి పోయినప్పుడు, ఒక గొర్రెల దొడ్డి దగ్గర తెలుగు పాట హమ్ చేస్తూ కనబడ్డాడు. ఆరా తీస్తే మోత్కూర్ పక్క ఊరివాడే. ప్రభుత్వం ఇచ్చిన గొర్రెలు రోగమొచ్చి ఒక్క వానాకాలంలోనే చచ్చిపోతే, తోటపని అని చెప్పిన ఏజెంటును నమ్మి విమానం ఎక్కాడు. దిగాక తోటా లేదు, చెట్టూ లేదు. కఫీల్, అంటే అక్కడి యజమాని, పాస్‌పోర్ట్ తీసుకుని గొర్రెల దగ్గర వదిలేసి పోయాడు. మాట్లాడటానికి మనిషి లేడు. వారానికోసారి నీళ్లతో వచ్చే భిక్షపతే మనిషి. అతని ట్యాంకర్‌లోనే ఫోన్ చార్జింగ్ పెట్టుకునేవాడు.

"ఈన్ని సుత గ్రూపుల కలుపు చెల్లె. పిచ్చోడయ్యేటట్టున్నడు," అన్నాడు భిక్షపతి.

మల్లేశ్‌కు ఉన్నచోట సిగ్నల్ రాదు. ఒక ఇసుక దిబ్బ ఎక్కితే కొద్దిగా వస్తుంది. అందుకే క్లాసులో కూర్చోలేడు. గ్లోరీ పాఠాన్ని మాటల్లో రికార్డు చేసి పంపితే, అతను దిబ్బ ఎక్కి విని, తిరిగి తన గొంతు పంపేవాడు. ఆ గొంతు వెనక గాలి, గాలి వెనక గొర్రెల అరుపులు.

అందరికన్నా బాగా నేర్చుకున్నది అతనే. చెప్పినదాన్ని చెప్పినట్టు, ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. "గొర్లకు చెప్పి చూసిన మేడం. హౌ ఆర్ యూ అంటె అవి ఏమనలే. గందుకె నేనే రెండు దిక్కుల మాట్లాడుకుంటున్న," అని నవ్వేవాడు. ఆ నవ్వును గ్లోరీ తండ్రికి కూడా వినిపించింది.

ఇస్రాయేలు మంచంలో లేచి కూర్చుని విన్నాడు. "ఎవరి పోరడు?" అని అడిగి ఇంటి పేరు చెప్పించుకున్నాడు. "వాళ్ల తాత పాలు పిండుతుంటె, దుత్త మీద నా నీడ పడ్డదని తిట్టిండు ఒకపారి. ఇయ్యాల ఆయన మనుమడు నా బిడ్డెను మేడం అంటుండు," అన్నాడు. ఆ మాటలో కసి లేదు, గర్వమే ఉంది. కూతురి ఇంగ్లీషు మీద ఆయనకు ఉన్న నమ్మకం చర్చి మీద ఉన్న నమ్మకానికి తీసిపోయేది కాదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక శుక్రవారం మల్లేశ్ దగ్గర్నుంచి పెద్ద వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతులో ఎప్పుడూ లేని హుషారు.

"గుడ్ మార్నింగ్ మేడం. మీకొక సంగతి చెప్పాలె. కొన్ని దినాల సంది కాళ్లు ఉబ్బుతున్నయి. తింటె వాంతికొస్తాంది. మొన్న గొర్ల నడుమనే పడిపోయిన. కఫీల్ చూసి బండిల ఏసుకొని దవాఖానకు తోల్కపోయిండు. గాడ డాక్టరు ఇంగ్లీషుల మాట్లాడిండు మేడం! నాతోటి! హౌ ఆర్ యూ అన్నడు. నేను జర సుత తడబడలే. ఐ యామ్ ఫైన్, థాంక్యూ సార్, హౌ ఆర్ యూ అన్న. డాక్టరు నవ్వి వెరీ గుడ్ అన్నడు. కఫీల్ నా దిక్కు ఎట్ల జూసిండో ఎరుకేనా? వీనికి ఇంగ్లీషు వస్తదా అన్నట్టు జూసిండు. అంత మీ పుణ్యమే మేడం."

గ్లోరీ ఇంకోసారి వింది. వెంటనే కాల్ చేస్తే కలవలేదు. ఆ రోజు క్లాసు ఎట్లా చెప్పిందో ఆమెకే తెలియదు. మరునాడు మల్లేశే దిబ్బ ఎక్కి చేశాడు.

"మల్లేశన్నా, కాళ్ల వాపు డాక్టరుకు చూపించినవా?"

"లేదు మేడం. ప్యాంటు ఏసుకున్న గద."

"పడిపోయినవని చెప్పినవా?"

"కఫీల్ అరబ్బీల ఏదో చెప్పిండు. డాక్టరు నన్ను ఇంకేందో అడిగిండు. సమజ్ గాలే. ఎస్ సార్ అన్న. నొప్పుల గోలీలు ఇచ్చి పంపిండు."

"మరి ఫైన్ అని ఎందుకన్నవన్నా? ఫైన్ అంటె మంచిగున్న అని. నువ్వు మంచిగ లేవు గద?"



"ఎరుకనే మేడం. కని మీరు గట్లనె నేర్పిన్రు గద. హౌ ఆర్ యూ అంటె గదే జవాబు అని. తప్పు చెప్తె మీ ఇజ్జత్ పోతదనుకున్న."

గ్లోరీ మళ్లీ దవాఖానకు తీసుకుపొమ్మని కఫీల్‌ను అడగమంది. "అడుగుత మేడం," అన్నాడు. అడగలేదని తర్వాత భిక్షపతి చెప్పాడు.

ఆ సాయంత్రం తండ్రికి అన్నం పెడుతూ ఈ సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఇస్రాయేలు ముద్ద కలపడం ఆపేశాడు.

"నువ్వు నేర్పితెనె అన్నడనుకుంటున్నవా?" అన్నాడు. "నేను పటేల్ ఇంట్ల జీతం ఉన్నప్పుడు, పొద్దుగాల కనబడంగనె ఎట్లున్నవురా అనేటోడు. మంచిగున్న దొరా అనేటోన్ని. జరం ఉన్నా మంచిగున్న దొరా. మీ అవ్వ సచ్చిపోయిన తెల్లారి గూడ మంచిగున్న దొరా అన్న. ఆయన అడిగింది నా బాగు గాదు. పనికి వస్తవా రావా అని అడిగిండు. గది నీ బుక్కుల ఉండది బిడ్డా."

గ్లోరీ ఆ వారమంతా బడి పుస్తకం తెరవలేదు. పాఠాన్ని మొదటినుంచి మార్చుకుంది. ఐ యామ్ సిక్. మై లెగ్స్ ఆర్ స్వోలెన్. ఐ ఫెల్ డౌన్. ఐ వాంట్ టు గో హోమ్. మై పాస్‌పోర్ట్ ఈజ్ విత్ ది ఓనర్. చిన్న చిన్న ముక్కలు చేసి మల్లేశ్‌కు పంపింది. కాల్ కలిసినప్పుడు తనే డాక్టరు అయ్యేది.

"హౌ ఆర్ యూ?"

"ఐ యామ్..." అవతల ఆగిపోయేవాడు. "ఐ యామ్ ఫైన్ సార్."

"కాదన్నా. మళ్ల చెప్పు. హౌ ఆర్ యూ?"

"ఐ యామ్... ఎందుకో మేడం, నోరు గట్లనె తిరుగుతాంది. సిక్కు అంటె సార్‌కు మొఖం మీద ఎదురు చెప్పినట్టనిపిస్తది."

క్యాంపులో వాళ్లకు కూడా అదే పాఠం చెప్పింది. ఒక శుక్రవారం అందరికీ ఒకే మాట నేర్పాలని కూర్చుంది. నో అనే మాట. తను సూపర్‌వైజర్ అయి, రేపు సెలవు రోజు పనికి వస్తావా అని ఇంగ్లీషులో అడుగుతుంది, వాళ్లు నో అనాలి, అంతే. ఐలేశాన్ని అడిగింది. "ఎస్ సార్," అన్నాడు. పక్కతన్ని అడిగింది. "ఎస్ సార్." నో అనాలని తెలుసు, ఎందుకు అనాలో తెలుసు, అయినా ఆ చాప మీద ఒక్క నోటి నుంచీ ఆ మాట రాలేదు. మొదట నవ్వుకున్నారు. నవ్వుకుని నవ్వుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు.

చివరికి ఐలేశం అడిగాడు, "మేడం, నో అనుడు జర మొరటుగ లేదా? దానికంటె మెత్తగ చెప్పే మాట లేదా ఇంగ్లీషుల?"

ఉంది, చాలా ఉన్నాయి. మర్యాదగా కాదనడానికి ఇంగ్లీషులో ఎన్ని వాక్యాలో. అవన్నీ నో కన్నా పొడుగైనవి, కష్టమైనవి. ఆమె ఒకటి చెప్పి చూసింది. సగం దాకా వచ్చి ఆగిపోయారు. మెత్తగా కాదనడానికి ముందు, కాదనే అలవాటు ఉండాలి. అది ఏ భాషలోనూ వాళ్లకు లేదు. బడి కరెస్పాండెంట్ ఇక రావొద్దని చెప్పినప్పుడు తను ఏమన్నదో గ్లోరీకి గుర్తొచ్చింది. థాంక్యూ సార్ అని బయటికొచ్చేసింది. ఆరోజు క్లాసు ముందే ముగించింది.

ఇంతలో కంపెనీ భిక్షపతిని వేరే దారికి మార్చింది. ఎడారి దొడ్డికి నీళ్లు వేరే దేశంవాడు తీసుకుపోతున్నాడు. దాంతో మల్లేశ్ ఫోన్‌కు చార్జింగ్ లేకుండా పోయింది. గ్లోరీ పంపిన పాఠాలు అతనికి చేరడం లేదు. ఫోన్ తెరిచి ఆ మెసేజ్‌లను మాటిమాటికీ చూసుకునేది. మల్లేశ్ భార్య మల్లీశ్వరి రోజూ ఫోన్ చేసేది. ఒకరోజు పక్క ఊరి నుంచి నడిచి ఇంటికే వచ్చింది. గడప దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే ఒక్క క్షణం తటపటాయించి, చెప్పులు విడిచి వచ్చి కింద కూర్చుంది.

"మేడం, మా ఆయిన మీతోటి మాట్లాడుతుండా? నాతోటైతె లేదు."

గ్లోరీ ఫోన్ తెరిచి, అతనికి చేరని తన పాఠాలను చూపించింది.

ఇండియా ఎంబసీ నంబర్ వెతికి కాల్ చేసింది. ఏం మాట్లాడాలో ముందే ఇంగ్లీషులో నాలుగైదు సార్లు అనుకుంది. అవతలి మనిషి ఎత్తగానే, "సర్, ఐ యామ్ కాలింగ్ ఫ్రమ్ తెలంగాణ" అని మొదలుపెట్టింది. అతను సగం విని, మర్యాదగానే, హిందీలో చెప్పండమ్మా అన్నాడు. గ్లోరీకి హిందీ అంతంతమాత్రం. మల్లేశ్ ఉన్నచోటు పేరు చెప్పమంటే తెలియదంది. కఫీల్ పేరు తెలియదంది. పాస్‌పోర్ట్ నంబర్ ఏజెంటు దగ్గర ఉందంది. చోటు తెలియకుండా మనిషిని ఎట్లా వెతుకుతామని అతను అడిగాడు. ఆ మాట న్యాయమైనదే.

చివరికి మల్లేశ్‌ను కాపాడింది ఇంగ్లీషు కాదు. భిక్షపతి ఒక శుక్రవారం క్లాసుకు రాకుండా, కంపెనీకి చెప్పకుండా ట్యాంకర్ తీసుకుని ఎడారిలోకి పోయాడు. నీళ్ల తొట్టి నీడలో మల్లేశ్ పడి ఉన్నాడు. ముఖం గుర్తుపట్టలేనంతగా ఉబ్బింది. చుట్టూ గొర్రెలు నిలబడి ఉన్నాయి. భిక్షపతి అతన్ని ఎత్తి ముందు సీట్లో పడుకోబెట్టి పట్నం దవాఖానకు తీసుకుపోయాడు. ఆ పనికి భిక్షపతి ఉద్యోగం పోయింది. తర్వాత మలయాళీ నర్సు ఒకామె, ఎంబసీ మనుషులు, అక్కడి తెలుగు సంఘం వాళ్లు కలిసి ఎట్లాగో మల్లేశ్‌ను విమానం ఎక్కించారు.

నల్లగొండ పెద్ద దవాఖానలో డాక్టరు చెప్పినప్పుడు మల్లీశ్వరి పక్కన గ్లోరీ కూడా ఉంది. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి, బతికినన్నాళ్లూ. "వాపు మొదలైనప్పుడె చూపించుకుంటె ఇంత దూరం రాకపోవునేమో," అన్నాడు. అనుమానంగానే అన్నాడు. ఆ 'ఏమో' అనే మాటను గ్లోరీ పట్టుకుని వేలాడింది. ఇంటికి పోయేదాకా బస్సులో ఆ ఒక్క మాటనే అటూ ఇటూ తిప్పి చూసింది. దానిలో ఆమెకు నిలబడే జాగా దొరకలేదు.

వార్డులో మల్లేశ్‌ను ఆమె మొదటిసారి కళ్లారా చూసింది. ఇన్నాళ్లూ విన్నది గొంతే. ఆ గొంతును బట్టి ఎత్తుగా, బలంగా ఉంటాడని ఊహించుకుంది. మంచం మీద ఉన్నది ఎండిన కట్టెలాంటి మనిషి, చేతికి గొట్టాలు. ఆమెను చూసి లేవబోయాడు.

"గుడ్ మార్నింగ్ మేడం."

అప్పుడు సాయంత్రం. గ్లోరీ సరిదిద్దలేదు.

"నన్ను మాఫ్ చేయన్నా," అంది.

"మీరేం చేసిన్రు మేడం? గాడ నాతోటి మాట్లాడింది మీరొక్కరే." కాసేపు ఊపిరి తీసుకుని, "ఆ సిక్కు మాట నేర్చుకున్న మేడం. గొర్ల ముందల మస్తు సార్లు చెప్పిన. మళ్ల డాక్టరే రాలే," అన్నాడు.

ఆమె బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. మల్లీశ్వరి టీ తెచ్చి చేతికిచ్చింది.

ఆ వారం నుంచి గ్లోరీ శుక్రవారం క్లాసు మానేసింది. ఐలేశం రెండుసార్లు మెసేజ్ పెట్టాడు. "మేడం, క్లాస్ ఉంటదా?" అని మొదటిసారి. "మేడం, షి ఈజ్ మై వైఫ్. కరెక్టేనా?" అని రెండోసారి. కరెక్టే అని రాయడానికి కూడా ఆమె చేతులు రాలేదు. తర్వాత అతనూ పెట్టడం మానేశాడు.

చలికాలం మొదట్లో మల్లీశ్వరి మళ్లీ వచ్చింది. ఈసారి గడప దగ్గర ఆగలేదు. నేరుగా వచ్చి గ్లోరీ ముందు కూర్చుంది.

"అక్కా, నేను కువైట్ పోతున్న. ఇంటిపని. జర నాకు ఇంగ్లీషు నేర్పు."

గ్లోరీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులు పట్టుకుంది. "వద్దు మల్లీశ్వరీ. ఆయన గట్ల పండంగ చూసినంక సుత ఎట్ల పోతనంటున్నవ్?"

"ఆయిన గట్ల పండినందుకె పోతున్న. గొర్లు లేవు, భూమి లేదు. ఇద్దరు పిల్లలు. ఆయిన లేచి కష్టం చేసేది లేదు. నువ్వు చెప్పు, ఏం జెయ్యాలె?"

"ఈడనె ఏదన్న పని..."

"ఏడ?"

గ్లోరీ పట్టుకున్న చేతులు వదిలేసింది.

"నువ్వు నేర్పకపోయినా పోత అక్కా. నేర్పితె జర ధైర్యమైతది."

మంచం మీది నుంచి ఇస్రాయేలు వింటున్నాడు. కూతురు ఆయన వైపు చూసింది, ఏదైనా చెబుతాడేమోనని. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఇంగ్లీషు మీద ఆయన నమ్మకం ఏమైందో ఆమె అడగలేదు.

రెండు నెలలు నేర్పింది. మల్లీశ్వరి తెలివైనది. పిల్లలను బడికి పంపి, భర్తను నల్లగొండ తీసుకుపోయే రోజులు మినహా రోజూ వచ్చేది. గ్లోరీ పొగడ్తలు, పలకరింపులు నేర్పలేదు. తలుపు గడియ పెట్టుకోవడం గురించి, పాస్‌పోర్ట్ ఇవ్వమని అడగడం గురించి, మీద చెయ్యి వేస్తే గట్టిగా అరిచే మాటల గురించి నేర్పింది. ఆ మాటలు చెప్పేటప్పుడు మల్లీశ్వరి గొంతు బాగానే లేచేది. ఆమె అంత బాగా చెబుతున్న కొద్దీ గ్లోరీకి భయం పెరిగింది. ఏ ఇంట్లో, ఏ తలుపు వెనక ఆ మాటలు అక్కరకొస్తాయో, అక్కడ విని అర్థం చేసుకునేవాళ్లు ఉంటారో లేదో ఆమెకు తెలియదు. తను నేర్పుతున్నది కాపాడే భాషా, లేక పోవడానికి ధైర్యమిచ్చే మందా అన్నది కూడా తేల్చుకోలేకపోయింది. నేర్పడం మాత్రం ఆపలేదు. ఆపితే మల్లీశ్వరి ఒట్టి చేతులతో పోతుంది.

పోయే రోజు ఏజెంటు వ్యాను నార్కట్‌పల్లి చౌరస్తాకు వస్తుందన్నారు. దేవరకొండ వైపు నుంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్లు అందులో వస్తున్నారు. గ్లోరీ మల్లీశ్వరితో పాటు పొద్దున్నే మోత్కూర్ నుంచి బస్సులో వచ్చింది. మల్లీశ్వరి తన పిల్లలను అత్తగారి దగ్గర వదిలి వచ్చిందట. చిన్నది ఏడవలేదని, అదే ఎక్కువ బాధగా ఉందని మల్లీశ్వరి దారిలో చెప్పింది. మల్లేశ్ గేటు దాకా వచ్చి, భార్యకు ఏం చెప్పాలో తెలియక చొక్కా గుండీలు పెట్టుకుంటూ నిలబడ్డాడట.

హైవే మీద లారీలు ఆగకుండా పోతున్నాయి. టిఫిన్ హోటల్ ముందు నిలబడి ఇద్దరూ ఇడ్లీ తిన్నారు. మల్లీశ్వరి ఒకటి తిని పక్కన పెట్టేసింది. వ్యాను వచ్చింది. లోపల ఇద్దరు ఆడవాళ్లు కొంగులు కప్పుకుని నిద్రపోతున్నారు. ఏజెంటు మనిషి తొందరపెట్టాడు. మల్లీశ్వరి బ్యాగు లోపలికి నెట్టి, ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. గ్లోరీ కిటికీ అంచు పట్టుకుని నిలబడింది.

వ్యాను కదిలింది. నాలుగు గజాలు పోయాక మల్లీశ్వరి ఏదో గుర్తొచ్చినట్టు తల బయటపెట్టింది.

"అక్కా! ఆకలైతాంది అని ఎట్ల చెప్పాలె? మనం గది నేర్చుకోలె!"

గ్లోరీ వెంట పరుగెత్తింది. "ఐ యామ్ హంగ్రీ!" అని అరిచింది. వెనకనుంచి వస్తున్న లారీ హారన్ కొట్టింది. ఇంకోసారి గొంతు చించుకుని అరిచింది. "హంగ్రీ! ఐ యామ్ హంగ్రీ!"

హోటల్ ముందు టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు ఆపి ఆమె వైపు చూశారు. మల్లీశ్వరి చెవికి చెయ్యి ఆనించి ఏదో అడుగుతోంది. ఆమెకు వినబడిందో లేదో తెలియలేదు. వ్యాను లారీల మధ్య కలిసి హైదరాబాద్ వైపు వెళ్లిపోయింది.